మూత్రం ఎవరిదో డీఎన్ఏతో తేల్చాలంటే

ఒక సీసాలోని మూత్రం ఫలానా మనిషిదేనా కాదా అని డీఎన్ఏ చెప్పగలదు. అయితే ప్రతిసారీ చెప్పితీరుతుందని లేదు. జవాబు వస్తుందా రాదా అన్నది చాలాసార్లు ప్రయోగశాలకు చేరకముందే, మూత్రం పట్టిన తొలి గంటల్లోనే ఖాయమైపోతుంది. ఫోరెన్సిక్ ప్రయోగశాలలో డీఎన్ఏ విభాగంలో పనిచేసి, ఇప్పుడు సొంత ఊరు విజయనగరంలో ఉంటున్నాను. ఈ ప్రశ్నతో నా దగ్గరకు రెండు రకాల వాళ్ళు వస్తారు. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో, అంటే శ్రీకాకుళం జిల్లా కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు చిన్న ల్యాబుల్లో పనిచేసే టెక్నీషియన్లు, అక్కడ పరీక్షలు చేయించుకునే కిడ్నీ రోగుల ఇళ్ళవాళ్ళు ఒకరు. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ చుట్టుపక్కల వెయిట్‌లిఫ్టింగ్ నేర్చుకునే పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు, కోచ్‌లు రెండోవారు. సీసా మారిందేమోనని ఒకరి భయం. బిడ్డ సీసాలో ఎవరైనా ఏదైనా చేశారేమోనని మరొకరి భయం. ఇద్దరికీ పనికొచ్చేలా, ఏం చేయాలో ఏం అడగాలో ఇక్కడ రాస్తున్నాను.

ముందు, అది అవసరమా?

ల్యాబులో పేర్లు తారుమారయ్యాయన్న అనుమానం వస్తే మొదట చేయాల్సింది డీఎన్ఏ పరీక్ష కాదు. మళ్ళీ మూత్రం ఇచ్చి పరీక్ష చేయించుకోవాలి. ఉద్దానంలో ఒకే ఊళ్ళో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉండటం మామూలే. అలాంటి ఇద్దరు కొబ్బరితోట కూలీలు ఒకే ఉదయం ఒక ల్యాబులో మూత్రం ఇచ్చారు. ఒకాయన రిపోర్టులో ఆల్బుమిన్ (కిడ్నీ దెబ్బతింటే మూత్రంలోకి దిగే ప్రొటీన్) మూడు ప్లస్‌లు, రెండో ఆయనది నిల్. మూడు ప్లస్‌లు వచ్చినాయన భార్య నాకు ఫోను చేసి, "మేడమ్, డీఎన్ఏ చేయించమంటే అప్పు చేసైనా చేయిస్తాం" అన్నది. "అప్పు వద్దమ్మా. రేపు పొద్దున్న ఇద్దరూ వెళ్ళి కొత్తగా ఇవ్వండి, రక్తంలో క్రియాటినిన్ కూడా చూపించుకోండి" అని చెప్పాను. మర్నాడు సాయంత్రానికి తేలింది, సీసాలే మారాయి. ఉద్దానంలో దీన్ని చిన్న పొరపాటు అనుకుని వదిలేయలేం. జబ్బున్న మనిషి తనకేమీ లేదనుకుని ఏడాది గడిపితే ఆ ఏడాదిలో పాడైన కిడ్నీ మళ్ళీ బాగుపడదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. అంత పెద్ద ఆసుపత్రికైనా చేతికొచ్చే మొదటి ఆధారం సీసా మీది చీటీయే. అందుకే టెక్నీషియన్లకు ఒక్క మాట గట్టిగా చెబుతాను: పేరుతో పాటు వయసు, ఫోను నంబరులో చివరి నాలుగు అంకెలు, పట్టిన సమయం సీసా ఒంటి మీద రాయండి. మూత మీద రాయకండి, మూతలు మారిపోతాయి.

మూత్రం మళ్ళీ ఇచ్చినా ప్రయోజనం లేని సందర్భాలు కొన్ని ఉంటాయి. పోటీ రోజున ఇచ్చిన డోపింగ్ నమూనా, ఎవరికైనా మత్తు ఇచ్చారన్న కేసులో ఆ రాత్రి పట్టిన మూత్రం, ఉద్యోగపు వైద్య పరీక్షలో ఒకరికి బదులు మరొకరు ఇచ్చారన్న ఆరోపణ, నేరస్థలంలో దొరికిన మరక. గడిచిన ఆ క్షణం మళ్ళీ రాదు కాబట్టి, ఉన్న సీసానే ప్రశ్నించాలి. డీఎన్ఏ అవసరపడేది వీటిలోనే.

మూత్రంలో డీఎన్ఏ ఎక్కడిది?

మూత్రం అనే ద్రవంలో చెప్పుకోదగ్గంత డీఎన్ఏ లేదు. మూత్రనాళం, మూత్రాశయం గోడల నుంచి రాలిన కణాలు, కొన్ని తెల్లరక్తకణాలు అందులో తేలుతుంటాయి. మనకు కావలసింది వాటిలోని డీఎన్ఏ. సీసాను కదపకుండా ఉంచితే అవి గంజి అడుగున మెతుకుల్లా దిగిపోతాయి. ఆడవాళ్ళ మూత్రంలో కణాలు ఎక్కువ, మగవాళ్ళ మూత్రంలో తక్కువ. బ్యాక్టీరియా కోసం చేసే కల్చర్ పరీక్షకు మధ్యధార పట్టమంటారు కదా, డీఎన్ఏకు దానికి తిరగేసి చేయాలి: మొదటి ధారలోనే కణాలు ఎక్కువగా కొట్టుకొస్తాయి.

ఒక కణంలో ఉండే డీఎన్ఏ దాదాపు 6.6 పికోగ్రాములు (వెయ్యి పికోగ్రాములు ఒక నానోగ్రాము). ఇప్పుడు వాడే కిట్లకు అర నానోగ్రాము నుంచి ఒక నానోగ్రాము డీఎన్ఏ అందితే ఫలితం చక్కగా వస్తుంది. అంటే చెడిపోని కణాలు ఒక 75 నుంచి 150 వరకు ఉంటే చాలు. లెక్కకు తక్కువే అనిపిస్తుంది. మే నెల ఎండలో సీసాను మధ్యాహ్నం దాకా బల్ల మీద వదిలేస్తే ఆ కొన్ని కూడా దక్కకపోవచ్చు.

తొలి గంటలు

ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. మూత్రం బయటకు రాగానే అందులో బ్యాక్టీరియా పెరగడం మొదలవుతుంది. డీఎన్ఏను ముక్కలు చేసే ఎంజైములు కూడా పనిచేస్తుంటాయి. ఆ ఎంజైములకు మెగ్నీషియం కావాలి. ఈడీటీఏ అనే రసాయనం కలిపితే అది మెగ్నీషియంను పట్టేసుకుంటుంది, ఎంజైములు నిలిచిపోతాయి. 50 మిల్లీలీటర్ల మూత్రానికి పీహెచ్ 8 ఉన్న 0.5 మోలార్ ఈడీటీఏ ద్రావణం ఒక మిల్లీలీటరు కలిపితే దాదాపు 10 మిల్లీమోలార్ అవుతుంది. 4 మిల్లీలీటర్ల వరకు కలపవచ్చు. కానీ సీసా మొత్తంలో ఒకేసారి కలిపేయకండి. వివాదం మందు గురించో, ఆల్బుమిన్ గురించో అయితే ఏమీ కలపని భాగం కూడా మిగలాలి. ముందు సీసాను మెల్లగా నాలుగైదుసార్లు తలకిందులు చేయాలి. అడుగున చేరిన కణాలు మళ్ళీ అంతటా కలిసిన తర్వాతే రెండు శుభ్రమైన గొట్టాల్లోకి పంచాలి. కదపకుండా పైపైన వంచేస్తే కణాలన్నీ పాత సీసాలోనే ఉండిపోతాయి.

చేయకూడని పనులు కూడా ఉన్నాయి. అసలు సీసాలో డిప్‌స్టిక్ ముంచవద్దు. కొంచెం వేరే గొట్టంలో పోసి అందులో ముంచండి. 24 గంటల మూత్రానికి వేసే హైడ్రోక్లోరిక్ ఆమ్లం పడిన సీసా డీఎన్ఏకు పనికిరాదు, ఆమ్లం డీఎన్ఏ పోగును తెంచేస్తుంది. ఫార్మాలిన్‌తోనూ అంతే. మూత తీసి దాని మీద మాట్లాడటం, దగ్గడం, చేతి తొడుగు లేకుండా మూత లోపలి అంచు పట్టుకోవడం, ఇవన్నీ మీ డీఎన్ఏను ఆ సీసాలోకి పంపుతాయి.

ఒకటి రెండు రోజుల్లో ప్రయోగశాలకు చేరేదైతే 4 డిగ్రీల దగ్గర ఫ్రిజ్‌లో ఉంచండి. ఆలస్యమయ్యేట్లయితే గడ్డకట్టించాలి. ఎన్నో నెలలు దాచాలంటే మైనస్ 80 డిగ్రీలు మేలు. గడ్డకట్టించి, కరిగించి, మళ్ళీ గడ్డకట్టిస్తే ప్రతిసారీ కొన్ని కణాలు పగిలిపోతాయి. పలాస నుంచో ఇచ్ఛాపురం నుంచో విశాఖపట్నం దాకా బస్సులో పంపాలంటే థర్మాకోల్ పెట్టెలో ఐసు ప్యాకెట్ల మధ్య, గొట్టాన్ని విడిగా ప్లాస్టిక్ సంచిలో పెట్టి పంపండి. తీరం ఊళ్ళల్లో చేపలు పంపిన పెట్టెనే కడిగి వాడటం చూశాను. పెట్టె కొత్తదై ఉండాలి. ఖర్చు తక్కువ, అవతలివాళ్ళ వకీలుకు ఒక ప్రశ్న తగ్గుతుంది.

సీలు, సంతకం, తేదీ, సమయం, ఎవరు ఇచ్చారు, ఎవరు తీసుకున్నారు అన్న వరుస ఒక కాగితం మీద ఉండాలి. చేతులు మారిన ప్రతిచోటా ఒక గీత పెరగాలి. ఈ కాగితంలో ఖాళీ ఉంటే ఎంత మంచి డీఎన్ఏ ఫలితమైనా కోర్టులో కుంటుతుంది.

పోల్చడానికి నమూనా, అడగాల్సిన ప్రశ్నలు

సీసాలోని డీఎన్ఏ ఒక్కటే ఎవరి పేరూ చెప్పదు. పోల్చడానికి మనిషి నుంచి నేరుగా తీసుకున్న నమూనా కావాలి. మామూలుగా బుగ్గ లోపలి వైపు దూది పుల్లతో రుద్ది తీస్తారు. నీళ్ళతో పుక్కిలించాక, రెండు బుగ్గలకు రెండు పుల్లలు వాడి, నీడలో ఆరబెట్టి, కాగితపు కవరులో పెట్టాలి. తడి పుల్లను ప్లాస్టిక్‌లో పెడితే బూజు పడుతుంది. ఆ మనిషి రాతపూర్వక అంగీకారం లేకుండా తీయకండి. భర్త మూత్రమనో, పనివాడి మూత్రమనో దొంగచాటుగా తెచ్చి "చేసిపెట్టండి" అని అడిగేవాళ్ళను నేను వెనక్కి పంపేస్తాను. అది ఒక మనిషి ఒంటి రహస్యం, అతని అనుమతి లేకుండా తెరిచే హక్కు మనకు లేదు.

మన ప్రాంతంలో తప్పక అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది: కిడ్నీ మార్పిడి జరిగిందా? మార్పిడి జరిగిన మనిషి మూత్రంలో దాత కణాలు కూడా వస్తాయి. అన్న కిడ్నీ ఇచ్చిన చెల్లెలి మూత్రంలో మగవాళ్ళకే ఉండే వై క్రోమోజోము గుర్తు కనిపిస్తుంది. విషయం తెలియని పరీక్షకుడు ఇది ఆమె మూత్రం కాదనో, ఎవరో కలిపారనో రాసేస్తాడు. ఆమె ఏ తప్పూ చేయలేదు, అన్న ఇచ్చిన అవయవంతో బతుకుతోంది. కాబట్టి ఉద్దానం నుంచి వచ్చే ప్రతి కాగితం మీద ఈ వివరం ఉండాలి, ఉంటే దాత బుగ్గ నమూనా కూడా పంపాలి. ఎముక మజ్జ మార్పిడి జరిగినవారి విషయంలోనూ ఇంతే. కవల పిల్లల్లో ఒకే రూపు కవలలకు ఈ పరీక్షలో తేడా కనిపించదు. ఆడవారి మూత్రంలో భర్త కణాలు శారీరక సంబంధం వల్ల కూడా రావచ్చు. ఈ ప్రశ్నను ఒక మహిళ, ఏకాంతంగా, మర్యాదగా అడగాలి.

ప్రయోగశాలలో జరిగేది

టెక్నీషియన్లకు క్లుప్తంగా చెబుతాను. వివాదంలో ఉన్న మూత్రం పని ముందు ముగించి, బుగ్గ నమూనాను తర్వాత, వేరే బల్ల మీద తెరవాలి. బుగ్గ నమూనాలో డీఎన్ఏ దండిగా ఉంటుంది, దాని తుంపర ఒకటి మూత్రంలో పడితే లేని పోలిక పుట్టుకొస్తుంది. 10 నుంచి 50 మిల్లీలీటర్ల మూత్రాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పై ద్రవాన్ని తీసేసి, అడుగు ముద్దను పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంతో కడగాలి. ఈ కడగడం మానవద్దు, మిగిలిన యూరియా తర్వాత, డీఎన్ఏకు ప్రతులు తీసే పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. ప్రొటీనేజ్ కె అనే ఎంజైము వేసి 56 డిగ్రీల దగ్గర కణాలను కరిగించి, సిలికా కాలమ్ మీదుగా డీఎన్ఏను శుద్ధి చేసి, తక్కువ ద్రవంలోకి దించాలి. రియల్ టైమ్ పీసీఆర్‌తో మనిషి డీఎన్ఏ ఎంత ఉందో కొలవాలి. మామూలు స్పెక్ట్రోఫోటోమీటరు సరిపోదు. అది బ్యాక్టీరియా డీఎన్ఏను కూడా కలిపి చూపిస్తుంది, మూత్రంలో అదే ఎక్కువ కావచ్చు. ప్రతి విడతలోనూ ఏ నమూనా వేయని ఖాళీ గొట్టం ఒకటి చివరి దాకా నడవాలి. అందులో ఏదైనా కనిపిస్తే ఆ విడత మొత్తం పక్కన పెట్టాలి.

ఆ తర్వాత ఎస్‌టీఆర్ పరీక్ష. మన డీఎన్ఏలో కొన్ని చోట్ల చిన్న అక్షరాల గుంపు ఒకటే వరసగా మళ్ళీ మళ్ళీ వస్తుంది. టీహెచ్01 అనే చోట నాలుగు అక్షరాల గుంపు ఒకరికి 6 సార్లు, ఒకరికి 9 సార్లు, కొందరికి 9.3, అంటే తొమ్మిది గుంపులు, పైన మూడు అక్షరాలు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి కాబట్టి ప్రతిచోటా ఒక మనిషికి రెండు అంకెలకు మించి ఉండటం చాలా అరుదు. అమెరికా పోలీసు వ్యవస్థ 2017 నుంచి ఇలాంటి 20 చోట్లను ప్రామాణికంగా చూస్తోంది. ఈనాటి కిట్లు అంతకంటే ఎక్కువే చూస్తాయి. అమెలోజెనిన్ అనే గుర్తు ఆడా మగా చెబుతుంది. లీసెస్టర్‌లో శాస్త్రవేత్త అలెక్ జెఫ్రీస్ 1984లో డీఎన్ఏతో మనిషిని గుర్తించే దారి తెరిచారు. మన దేశానికి డీఎన్ఏ వేలిముద్రలను తెచ్చినవారు హైదరాబాదులో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో పనిచేసిన లాల్జీ సింగ్.

డీఎన్ఏ మరీ తక్కువగా ఉంటే రెండు అంకెల్లో ఒకటి రాలిపోవచ్చు. అందుకే బలహీనమైన నమూనాను రెండు మూడుసార్లు నడిపి, మళ్ళీ మళ్ళీ కనిపించినవాటినే నమ్మాలి.

రిపోర్టు చదవడం

జవాబులు మూడే: సరిపోయింది, సరిపోలేదు, తేల్చలేం. మూడోది వచ్చినప్పుడు మనవాళ్ళు "అంటే ఆయనదేనేమో" అనుకుంటారు. అలా అనుకోకండి. తేల్చలేం అంటే ఏ వైపూ మాట లేదని అర్థం.

చాలాచోట్ల మూడు, నాలుగు అంకెలు కనిపిస్తే ఒకరికంటే ఎక్కువమంది కణాలున్నట్టు. వేరేవాళ్ళ మూత్రం కలిపి ఉండవచ్చు, మూత పట్టుకున్న చెయ్యి కావచ్చు, ఇందాక చెప్పిన కిడ్నీ దాత కావచ్చు. ఏది ఎంత మోతాదులో ఉందో చూసి ఆలోచించాలి.

అన్నిచోట్లా పూర్తిగా సరిపోతే, సంబంధం లేని మరొక మనిషికి అవే అంకెలు ఉండే అవకాశం కోట్లలో ఒకటి కంటే కూడా ఎంతో తక్కువ. ఇక్కడ "సంబంధం లేని" అన్న మాటను జాగ్రత్తగా చూడాలి. ఒక చోట తల్లిదండ్రుల నుంచి అన్నదమ్ములిద్దరికీ అవే రెండు ప్రతులు అందే అవకాశం నాలుగింట ఒకటి. మన ఇళ్ళల్లో మేనరికాలు తరతరాలుగా ఉన్నాయి కాబట్టి బంధువుల మధ్య పోలికలు ఇంకా ఎక్కువ. 20 చోట్ల ఫలితం వస్తే అన్నదమ్ములను కూడా విడదీయవచ్చు. చెడిపోయిన మూత్రంలో ఐదారు చోట్ల మాత్రమే వస్తే కష్టం. అనుమానం ఇంట్లోవాళ్ళ మీదే అయితే, "సోదరుడిదై ఉండే అవకాశాన్ని కూడా లెక్కించండి" అని ముందే రాసి ఇవ్వండి. ఎస్‌టీఆర్ రానప్పుడు మైటోకాండ్రియా డీఎన్ఏ చూస్తారు. అది తల్లి నుంచి మాత్రమే వస్తుంది, తోబుట్టువులందరికీ ఒకటే. దానితో "కాదు" అని చెప్పవచ్చు, "ఇతనే" అని చెప్పలేం.

బరువులెత్తే పిల్లలకు

కొండవెలగాడ అమ్మాయి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో మొదట కాంస్యం గెలిచింది. స్వర్ణం గెలిచిన నైజీరియా క్రీడాకారిణి మూత్రాన్ని రెండు సీసాల్లో పోసి పరీక్షకు ఉంచిన 'ఏ', 'బీ' నమూనాలు రెండూ పాజిటివ్ రావడంతో సంతోషిది రజతమైంది. నిజాయతీగా ఎత్తినవారికి ఈ సీసాలు రక్షణ. అందుకే పరీక్షంటే భయపడకుండా, ప్రతి మెట్టూ కళ్ళారా చూసుకోండి అని పిల్లలకు చెబుతాను. కిట్టు మీరే ఎంచుకోవాలి. సీలు పగిలి ఉందేమో చూడాలి. కనీసం 90 మిల్లీలీటర్లు ఇవ్వాలి. ఏ సీసాలో కనీసం 60, బీ సీసాలో 30 మీ చేత్తోనే పోయాలి. మూత మీరే బిగించాలి. రెండు సీసాల నంబరు, ఫారం మీది నంబరు ఒకటేనా అని అంకె అంకె చదవాలి. ఏదైనా తేడా కనిపిస్తే ఫారంలో వ్యాఖ్యల గడిలో అక్కడికక్కడే రాయాలి, తెలుగులో అయినా సరే. ఢిల్లీ ప్రయోగశాలకు వెళ్ళేది నంబరు మాత్రమే, పేరు కాదు.

ఫలితం పాజిటివ్ వచ్చి, ఆ మూత్రం మీది కాదని మీకు ఖాయంగా తెలిస్తే, బీ సీసా తెరిచేటప్పుడు మీరో మీ ప్రతినిధో అక్కడ ఉండే హక్కును వాడుకోండి. డీఎన్ఏ పోలికను గడువులోపే రాతపూర్వకంగా కోరండి.

కానీ డీఎన్ఏ చెప్పలేనిది కూడా తెలుసుకోవాలి. అది కణాలు ఎవరివో చెబుతుంది. మూత్రం ఏ రోజుదో చెప్పదు, మందు ఒంట్లోకి ఎలా వచ్చిందో చెప్పదు. 2014 సోచి ఒలింపిక్స్‌లో రష్యా ఆటగాళ్ళు ముందే దాచి ఉంచిన వాళ్ళ సొంత శుభ్రమైన మూత్రాన్నే ప్రయోగశాల సిబ్బంది, నిఘా సంస్థ మనుషులు కలిసి రాత్రిపూట సీసాల్లోకి మార్చారు. ఆటగాళ్ళదే కాబట్టి డీఎన్ఏ సరిపోతుంది. దాన్ని పట్టించినవి సీసా మూతల లోపలి గీతలు, సాంద్రత సరిపోవడానికి కలిపిన ఉప్పు. కొన్ని సీసాల్లో మనిషి ఒంట్లో సాధ్యం కానంత ఉప్పు ఉంది. డీఎన్ఏ పనికొచ్చింది ఒకచోట: ఇద్దరు మహిళా ఐస్ హాకీ క్రీడాకారిణుల సీసాల్లో మగవాడి డీఎన్ఏ దొరికింది. 2016 డిసెంబరులో వచ్చిన మెక్‌లారెన్ నివేదికలో ఈ వివరాలున్నాయి. కాబట్టి డీఎన్ఏ అడిగేటప్పుడు సీసా, మూత, ఉప్పు, పాత పరీక్షల్లోని స్టీరాయిడ్ వివరాలు కూడా చూడమని అడగాలి.

ఎక్కడికి పంపాలి

కేసు నమోదైతే పోలీసులు లేదా కోర్టు ద్వారానే రాష్ట్ర ఫోరెన్సిక్ ప్రయోగశాలకో, హైదరాబాదులోని డీఎన్ఏ పరీక్షల కేంద్రం సీడీఎఫ్‌డీకో వెళ్తుంది. మీరు నేరుగా తీసుకెళ్ళి ఇచ్చినది కోర్టులో నిలబడటం కష్టం. డోపింగ్ నమూనాను మీ అంతట మీరు ఎక్కడికీ పంపలేరు, నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) ద్వారానే అడగాలి. ఉద్యోగం, బీమా లాంటి వివాదాల్లో గుర్తింపు ఉన్న ప్రైవేటు ప్రయోగశాలను రెండు వైపులా ఒప్పుకుని ఎంచుకోవడం మంచిది. ఇచ్చేముందు అడగండి: మూత్రం నుంచి పరీక్ష చేసిన అనుభవం ఉందా, ఎన్ని చోట్ల చూస్తారు, ఖాళీ గొట్టం ఫలితం కూడా ఇస్తారా. పితృత్వ పరీక్షలు చేసే ప్రతి ల్యాబుకూ మూత్రంతో పనిచేయడం రాకపోవచ్చు.

రిపోర్టుతో పాటు మూడు కాగితాలు అడిగి తీసుకోండి: శిఖరాలు గీసి ఉన్న ఫలితాల గ్రాఫు (ఎలక్ట్రోఫెరోగ్రామ్), ఖాళీ గొట్టం ఫలితం, నమూనా చేతులు మారిన వరుస. మిగిలిన మూత్రాన్ని, శుద్ధి చేసిన డీఎన్ఏ ద్రావణాన్ని వివాదం ముగిసేదాకా పారేయవద్దని అదే రోజు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ఎదుటివారు ఫలితాన్ని ఒప్పుకోకపోతే రెండో ప్రయోగశాల పని మొదలుపెట్టేది ఆ మిగిలిన దానితోనే.